రొదలో శ్రుతి విన్న సుభద్రగారు

పోయిన శుక్రవారం ఉదయం కాలేజీకి బయలుదేరుతుండగా ఫోను మోగింది. అవతల సుభద్రగారి భర్త విశ్వనాథంగారు. "అమ్మా లలితా, సుభద్ర వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. ఎక్కడికి వెళ్ళారండీ అని అడిగేశాను. "కూర్చున్న కుర్చీలోనే పోయిందమ్మా" అన్నారు. అప్పుడుగానీ నాకు విషయం బోధపడలేదు. చేతిలో పుస్తకాలు గుమ్మంలోనే పెట్టి వాళ్ళింటికి నడిచాను.

ఆ ఉదయం పిల్లలకు పాఠం చెప్పి, వీణ మీద గుడ్డ కప్పి, కాఫీ తాగి వాలుకుర్చీలో కూర్చున్నారట సుభద్రగారు. భర్త పేపరు చదువుతూ ఏదో అంటే "ఊఁ" అన్నారట. తర్వాతి మాటకు ఊఁ కొట్టలేదు. అనాయాస మరణమని అందరూ అన్నారు. నిజమే. ఆవిడకు అనాయాసమే, ఆయాసమంతా మాకు మిగిలింది.

రాజమండ్రిలో సుభద్రగారిని వైణికురాలిగా ఎరగనివారు తక్కువ. పుట్టిల్లు కోనసీమ. తండ్రిగారి దగ్గర వీణ పట్టి, విశ్వనాథంగారిని పెళ్ళాడి ఈ ఊరు వచ్చి, ఇంట్లోనే పాఠాలు చెబుతూ రెండు తరాల ఆడపిల్లల వేళ్ళకు స్వరం నేర్పిన విదుషీమణి. అయితే నేను నడిపే చిన్న మాసపత్రిక పాఠకులకు ఆవిడ మరొకందుకు ఆత్మీయురాలు. పదిహేనేళ్ళకు పైగా, చివరి పేజీకి ముందు పేజీలో, పాశ్చాత్య దేశాల ఆల్బంల మీద అరపేజీ సమీక్షలు రాశారు. అవీ ఊరంతా వినే పాటల మీద కాదు. జాజ్, ప్రయోగాల రాక్, షూగేజ్ అనే ఒక వింత శాఖ. "ఆ వాయించేవాళ్ళు సభ వైపు చూడరట, పాదాల దగ్గరున్న మీటల వైపే చూస్తారట. అందుకా పేరు" అని వివరించి, దానికి 'అధోముఖ సంగీతం' అని తెలుగు పేరు పెట్టింది ఆవిడే.

ఈ సంగీతం గోదావరి గట్టుకు ఎలా చేరిందంటే, ఆవిడ తమ్ముడు సూర్యం ఓడల్లో ఇంజనీరు. ఏ రేవులో దిగినా అక్కకోసం క్యాసెట్లు కొనేవాడు. అతనికి సంగీతం ఓనమాలు కూడా తెలియవు. కొట్టువాణ్ణి "నువ్వు ఇంట్లో వినేవి ఇయ్యి" అని అడిగేవాడట. అలా దేశదేశాల కొట్టువాళ్ళ సొంత పిచ్చంతా పెట్టెలకెక్కి సుభద్రగారింటికి వచ్చేది.

తొంభైల మొదట్లో ఒక సాయంత్రం, కీర్తనల మీద వ్యాసం అడుగుదామని వాళ్ళింటికి వెళ్ళాను. లోపల్నుంచి వరద గోదావరి వంతెన కింద పోతున్నట్టు ఒకటే హోరు.

"టేప్ రికార్డర్ పాడైందాండీ?" అన్నాను.

"పాడవలేదమ్మా, పాడుతోంది" అని నవ్వారు. "కూర్చో. చెవి కాస్త అలవాటు పడనీ."

కూర్చున్నాను. కొంతసేపటికి ఆ హోరు వెనకాల ఎక్కడో ఒక ఆడగొంతు సన్నగా కదులుతోందని తెలిసింది. నా ముఖం చూసి, "ఆఁ, దొరికిందా?" అన్నారు. వ్యాసం సంగతి ఎత్తితే, "కీర్తనల మీద రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కదమ్మా. నేను దీని మీద రాయనా?" అన్నారు.

"ఎవరు చదువుతారండీ?"

"చదివించడం నీ పని. వినడం నా పని."

అలా మొదలైంది. ఆవిడ సమీక్షల్లో చరిత్ర ఉండేది కాదు. "వాళ్ళెవరో, ఎంతమందో క్యాసెట్ అట్ట మీదే ఉంది. నాకేం వినపడిందో అందులో లేదు, అదే నేను రాస్తాను" అనేవారు. ఎప్పుడు విన్నారో, వింటూ ఏం చేస్తున్నారో, అదే ఎత్తుగడ. కనకాంబరాలు మాల కడుతూ విన్న ఒక జాజ్ ఆల్బం గురించి, "డ్రమ్ములాయన తాళం వెయ్యడం లేదు, తాళంతో కబుర్లు చెబుతున్నాడు. వింటూ వింటూ మాల మూరెడు ఎక్కువ కట్టేశాను" అని రాశారు. ఒక ప్రయోగాల ఆల్బం గురించి, "రెండో వైపంతా చెరకు గానుగలో గిన్నెలు వేసి తిప్పినట్టుంది. నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో తెలుసుకుందామని మళ్ళీ విన్నాను. ఇప్పుడూ నచ్చలేదు, కానీ వాళ్ళ మీద కోపం పోయింది" అన్నారు. అధోముఖ సంగీతంలో ఆవిడకు అన్నిటికన్నా ఇష్టమైన ఆల్బం మీద రాసిన వాక్యాలు నాకు కంఠతా వచ్చు: "కోతలయ్యాక పొలం మీద మంచు దిగినప్పుడు, అవతలి గట్టున ఎవరో మాట్లాడుకుంటారు. మాట తెలియదు. మనిషి ఉన్నాడని తెలుస్తుంది. అది చాలుననిపిస్తుంది."

ఇదంతా అందరికీ రుచించలేదు. పెళ్ళైన కొత్తల్నుంచీ ఏటా దసరాకు మా ఊరి సంగీత సభలో ఆవిడ కచేరీ ఉండేది. ఒక ఏడు నవరాత్రులకు ముందు సభ కార్యదర్శి సోమయాజులుగారు వాళ్ళింటికి వచ్చారు. ఆవిడ తండ్రిగారికి స్నేహితుడు, వయోవృద్ధుడు, లక్షణ జ్ఞానంలో దిట్ట. నేనప్పుడు అక్కడే ఉన్నాను.

"చూడమ్మా సుభద్రా, నిన్ను పరికిణీలప్పట్నుంచీ ఎరుగుదును. సరస్వతి చేతిలోది నీ ఒళ్ళో పెట్టుకుని, ఈ డబ్బాల మోతని పొగుడుతూ రాతలేంటమ్మా? కమిటీ వాళ్ళు పట్టుదలగా ఉన్నారు. ఆ రాతలు మానితేనే కచేరీ అంటున్నారు."

సుభద్రగారు చీర కొంగు చివర వేలికి చుట్టుకున్నారు. "అయితే ఈ ఏడు కచేరీ వద్దులెండి బాబాయిగారూ" అన్నారు. గొంతులో కోపం లేదు. "వినడం కూడా మీ అందరి దగ్గరే నేర్చుకున్నానండి. బాగున్నదాన్ని బాగుందని చెప్పకపోతే, నా చెవికి నేనే అబద్ధం చెప్పినట్టు."

"ఏముందమ్మా అందులో అంత?"

"చెప్తే తెలిసేది కాదండి. కాఫీ వచ్చేలోపు కాస్త వింటారా?"

ఆయన వింటాననలేదు, కానీ కాఫీ తాగకుండా లేవడం మా వైపు మర్యాద కాదు. ఆవిడ ఒక విలంబ జాజ్ క్యాసెట్ పెట్టారు. సోమయాజులుగారు బిగుసుకుని కూర్చున్నారు. క్రమంగా ఆయన కుడిచెయ్యి మోకాలి మీద తాళం వెతుక్కోవడం మొదలెట్టింది.

"ఆ నాదస్వరం లాంటిదేంటమ్మా?"

"శాక్సఫోన్ అండి."

"ఆ గాంధారం దగ్గర అలా ఆగిపోయాడేం?"

"ఎందుకో నాకూ తెలీదండి. అక్కడికొచ్చేసరికి నాకు ఒళ్ళు జల్లుమంటుంది."

"వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టు" అన్నారాయన. కాఫీ చల్లారిపోయింది.

ఆ ధైర్యంతో ఆవిడ అధోముఖ సంగీతం కూడా వినిపించారు. ఆయన రెండు చేతులూ ఎత్తేశారు. "ఇది మాత్రం కొళాయి తిప్పేసి ఊరెళ్ళిపోయినట్టుంది. కట్టెయ్యి తల్లీ!" సుభద్రగారు కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వి, "ఈ మాట రాసుకోనాండీ?" అని అడిగారు. "నా పేరు వెయ్యకు" అన్నారాయన. ఆ నెల సమీక్ష ఆ మాటతోనే మొదలైంది. చివర మాత్రం, "నాకు ఆ కొళాయి చప్పుడే ఇష్టం" అని ఉంది.

ఆ దసరాకు ఆవిడ కచేరీ జరగలేదు. ఆ సాయంత్రం మరొకరు వాయించారు. సుభద్రగారు జడలో పూలు పెట్టుకుని వెళ్ళి, ముందు వరసలో కూర్చుని మంగళం దాకా విని, కళాకారిణిని కావలించుకుని వచ్చారు. నొచ్చుకోలేదా అని అడిగితే, "నొచ్చుకోకేం? కానీ అమ్మాయి కల్యాణి రాగం బ్రహ్మాండంగా వాయించింది" అన్నారు. మరుసటి ఏడు ఏ షరతూ లేకుండా పిలుపు వచ్చింది. తెచ్చింది సోమయాజులుగారే.

"కమిటీకి ఏం చెప్పారండీ?" అన్నాను.

"నేను వెళ్ళి విన్నాను, మీరూ విని రండి, అప్పుడు మాట్లాడదాం అన్నాను. ఒక్కడూ వినలేదు. అందుకని ఒక్కడూ మాట్లాడలేదు."

ఆ కచేరీ విన్నవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆలాపనలో ఒక్కొక్క స్వరం పూర్తిగా నేలకు దిగేదాకా ఆగి, ఆ నిశ్శబ్దాన్ని కూడా రాగంలో కలుపుకుని, అప్పుడు తర్వాతి తీగ మీటారు. వీణలో అంత అవకాశం ఉందని నాకు ఆనాడే తెలిసింది. "ఇది ఆ ఓడ సరుకేనా?" అని సోమయాజులుగారు నా చెవిలో అడిగారు. అడిగి, పైకి "భేష్" అన్నారు.

మంచు గురించి రాసిన సమీక్ష చదివి, ఒక ఆదివారం నిడదవోలు నుంచి రామకృష్ణగారనే బ్యాంకు ఉద్యోగి పాసింజరు ఎక్కి వచ్చారు. భార్య పోయి ఏడాది కాలేదు. "మాటలున్న పాట ఏది విన్నా ఆవిడే గుర్తొస్తోందండి. మాటలు వినపడని పాట ఉందని రాశారు కదా" అన్నారు మొహమాటంగా. సుభద్రగారు ఆయన్ని కూర్చోబెట్టి, క్యాసెట్ పెట్టి, తాను వంటింట్లోకి వెళ్ళిపోయారు. పాట అయిపోయాక పులిహోర పెట్టారు. ఆయన తృప్తిగా తిని వెళ్ళారు. తర్వాత ఎన్నో ఆదివారాలు వచ్చారు. సీడీలు వచ్చాక తానే కొని, ఆవిడకే తెచ్చి ఇచ్చేవారు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నప్పుడు మొదట ఆశీర్వాదానికి వచ్చింది ఈ ఇంటికే. "ఓదార్చడానికి నాకు మాటలు రావమ్మా. క్యాసెట్ ఉంది గనక పెట్టాను" అనేవారావిడ.

ఆవిడది నిండైన జీవితం. వాయించారు, నేర్పారు, నవ్వారు, నచ్చినవన్నీ విన్నారు. చివరిసారి కలిసినప్పుడు కూడా సూర్యం పంపిన కొత్త సీడీ గురించి, "ఇందులో ఒక పియానో ఉందమ్మా, చెప్పుల్లేకుండా నడుస్తుంది" అని మురిసిపోయారు. ఆ సమీక్ష రాయలేదు. ఆ పియానో మరెవరికైనా వినపడవచ్చు, అలా నడుస్తూ మాత్రం వినపడదు.

మా ఊళ్ళో విద్వాంసులకు కొదవలేదు. పండితులకూ విమర్శకులకూ అసలే లేదు. ఈ వారమంతా వైణిక శిరోమణి సుభద్రగారికి సభలు సంతాపం తెలిపాయి, అది న్యాయమే. వీణ ఆవిడ శిష్యురాళ్ళ చేతుల్లో ఉంది, ఆ లోటు కొంతైనా తీరుతుంది. ముందు వినాలి, తర్వాతే మాట్లాడాలి అని నమ్మి, ప్రపంచమంతటినీ తన ముందుగదిలో కూర్చోబెట్టుకుని విన్న ఆ శ్రోత స్థానం ఖాళీగానే ఉండిపోతుంది. నేను ఆ శ్రోతకు నమస్కరిస్తున్నాను.