కారుకు పెట్టిన తొలి నలుగు

చిటికెడు పసుపుతో పుట్టిల్లు పోగొట్టుకున్న ఆడదాన్ని ఎక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. పసుపుకుంకాలతోనే పుట్టిల్లు నిలుస్తుందని పెద్దలంటారు. నా పుట్టింటిని ఆ పసుపే కూల్చింది. దానికి ఒక కరెంటు కారు సాయం చేసింది. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేనూ అప్పుడప్పుడు నవ్వుతుంటాను, పక్కగదిలో ఎవరూ లేనప్పుడు.

నరసరావుపేటలో మాది చిన్న పురుగుమందుల కొట్టు. మా ఆయన ఆ కారు తెచ్చిన రోజున దేవుడు నన్ను చల్లగా చూశాడనుకున్నాను. పెట్రోలు వాసన తగిలితే ఊరు దాటకముందే వాంతి చేసుకునే మనిషిని నేను. దీనికి వాసన లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. రాత్రి సెల్‌ఫోనుకు పెట్టినట్టు ప్లగ్గు పెడితే తెల్లారేసరికి కడుపు నిండుతుంది. రోజూ దండం పెట్టుకునేదాన్ని, దేవుడికే లెండి. కారుకూ కొంచెం. దాని చెడ్డగుణాలంటారా, అల్లుడి గుణాల్లాగే అవి కూడా ఇంటికి తెచ్చుకున్నాకే బయటపడతాయి.

నా అసలు సంతోషం మాత్రం వేరు. పొలం గట్టు తగాదాలో మా అన్నయ్యతో మాటలు తెగిపోయిన రోజున వదిన నలుగురిలో నిలబడి ఒక మాట అంది. "మొగుడి స్కూటర్లో పెట్రోలు పోయించుకోలేనోళ్లు గట్టు కోసం వచ్చారు." తుమ్మముల్లు కాల్లో దిగితే పిన్నీసుతో తీయొచ్చు. ఈ ముల్లు దిగిన చోటికి ఏ పిన్నీసూ అందలేదు. ఇప్పుడు నాది అసలు పెట్రోలే అక్కర్లేని కారు. చూశారా, భక్తురాలి మనసులో ఎంత విషం ఉందో.

ఏళ్ల తరబడి మౌనం తర్వాత అన్నయ్యే మాచర్ల అవతలి ఊరి నుంచి వచ్చి మా గడప తొక్కాడు. కొడుకు పెళ్లట. పెళ్లికొడుకును చేసేనాడు తొలి నలుగు మేనత్త పెట్టడం మా ఇంటి ఆచారం. "నువ్వు పసుపు పెట్టందే మావోడు పీటెక్కినట్టు కాదు రాజ్యం. తొమ్మిదిన్నరకల్లా రా. తర్వాత దుర్ముహూర్తమంట," అన్నాడు. గట్టు మాట ఎత్తలేదు. మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, నా తల మీద చెయ్యి వేసి వెళ్లాడు. ఆ పూట దేవుడి ముందు కూర్చుని ఎంతసేపు ఏడ్చానో.

ముందురోజు సాయంత్రం కారు కడిగించి పూజ చేశాను. చక్రాలకు బొట్లు, అద్దానికి స్వస్తిక్, దిష్టికి నిమ్మకాయలు అన్నీ అయ్యాక చార్జింగు పెట్టే మూత తెరిచాను. కారు అన్నం తినే నోరు అది, బొట్టు లేకపోతే ఎట్లా? లోపల చూద్దును గదా, పైన ఏడు కన్నాలు, కింద రెండు పెద్దవి. మొత్తం తొమ్మిది. నా ఒళ్లు పులకరించింది. తయారు చేసినవాడు ఎంత భక్తుడైతే నవగ్రహాలను అక్కడ ప్రతిష్ఠించి ఉంటాడు!

నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి భాగవతం చదవడం, పంచాంగం చూడటం నేర్పాడు. ప్లగ్గు సంగతి నేర్పలేదు, అది ఆయన తప్పు కాదు. తడి పసుపు ముద్దలో అగరొత్తి పుల్ల ముంచి ఒక్కో గ్రహానికీ పద్ధతిగా బొట్టు పెట్టాను. శనీశ్వరుడు అలుగుతాడని ఆయనకు కొంచెం ఎక్కువే పెట్టాను. ఆ బొట్ల మీదే చార్జింగు గొట్టం నొక్కాను. ఎర్రలైటు వెలిగింది. మా దేవుడి గదిలోనూ ఎర్రబల్బే కదా, శుభం అనుకుని పడుకున్నాను. అతిభక్తి చోరలక్షణమంటారు. నా భక్తి దోచుకున్నది చార్జింగును.

తెల్లవారి చూస్తే కారులో ఉన్నది మూడో వంతు చార్జింగే. రాత్రి కరెంటు పోయిందనుకుని మా ఆయన కరెంటు ఆఫీసును తిట్టాడు. నేనూ వంతపాడాను. బస్సుకు పోదామన్నాడు. నేను వినలేదు. వదిన కళ్ల ముందు ఆ కారులోంచి దిగాల్సిందే. దారిలో పిడుగురాళ్లలో హోటలు పక్కన చార్జింగు ఉందిగా అన్నాను. ఏసీ వేస్తే చార్జింగు తగ్గుతుందని ఆపేశాడు. ఎండాకాలం పొద్దు, పల్నాడు ఎండ, పట్టుచీర. నేను కారులో కూర్చోలేదు, ఇడ్లీ పాత్రలో కూర్చున్నాను.

పిడుగురాళ్లలో గొట్టం పెడితే మళ్లీ ఎర్రలైటే. రెండో గొట్టం పెట్టాడు. అదే ఎరుపు. మా ఆయన వంగి లోపలికి చూశాడు.

"ఏమే, ఇదేంది?"

"బొట్టండి."

"ఈడనా?"

"నవగ్రహాలండి."

ఆయన నడుం పట్టుకుని లేచాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అయితే దిగు. కారెటూ కదల్దు. దాని చుట్టూ ప్రదక్షిణలన్నా చేద్దాం."

నా జడపిన్నుతో ఒక్కో గ్రహాన్నీ గీకి తీస్తున్నాడు. అప్పుడే అన్నయ్య ఫోను. ఎక్కడున్నావమ్మా అని అడిగాడు. ఆ నోటితోనే పొద్దున విష్ణునామాలు చదివాను. ఆ నోటితోనే "గురజాల దాటాం అన్నయ్యా," అన్నాను. అన్నయ్య సంతోషంగా పక్కవాళ్లతో చెప్పడం వినిపించింది. "గురజాల దాటారంట, ఇంక ఎంతసేపు. ఆగండి."

ఆగారు. పిల్లవాణ్ణి పీట మీద కూర్చోబెట్టి, పురోహితుణ్ణి బతిమాలి, నా కోసం ఆగారు. గ్రహాలన్నీ ఊడొచ్చి, కారుకు చార్జింగు ఎక్కి, మేము గురజాల నిజంగా దాటేసరికి దుర్ముహూర్తం కూడా వచ్చి వెళ్లిపోతోంది.

నా కారు పందిరి ముందు ఆగింది. అందరూ తలతిప్పి చూస్తారని నెల రోజులు కలగన్నాను. చప్పుడు చేయని కారును ఎవరు చూస్తారు? పందిట్లో పడుకున్న కుక్క కూడా చెవి ఎత్తలేదు. లోపల పెళ్లికొడుకు స్నానం చేసి, కొత్త బట్టల్లో కాఫీ తాగుతున్నాడు. తొలి నలుగు వదిన అక్కగారు పెట్టేశారు.

ఏమైందని అందరూ అడిగారు. మా ఆయనకు అబద్ధమాడటం రాదు, మంచి గుణమే, అవసరానికి పనికిరాదు. మొత్తం చెప్పేశాడు. పందిరంతా నవ్వింది. వదిన నవ్వలేదు. "పోనీలే, మేనత్త చేతి పసుపు కారుకైనా అందింది," అంది.

అన్నయ్య పీట ఎత్తి గోడకు ఆనిస్తున్నాడు. నా వైపు తిరగకుండానే, "గురజాల దాటామన్నావు గదా రాజ్యం," అన్నాడు. అంతే. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

కారుది ఏ తప్పూ లేదు, అది చానా మంచిది. ఒక్కసారి నింపితే మాచర్ల పోయి తిరిగి వచ్చేస్తుందట. ఆ దేవుడి దయ. రమ్మని పిలిచేవాళ్లే లేరు.

కాబట్టి నవగ్రహాల సాక్షిగా, ఆకాశంలో ఉన్నవాటి సాక్షిగానే, ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ యంత్రం నోట్లోనూ పసుపు పెట్టను. పిడుగురాళ్లలో ఉంటే పిడుగురాళ్లలోనే ఉన్నానని చెబుతాను. మొదటి ప్రమాణం రోజూ నిలబెట్టుకుంటున్నాను. రెండోది నిలబెట్టుకోవాలంటే, అన్నయ్య ఒక్కసారి ఫోను చేసి ఎక్కడున్నావమ్మా అని అడగాలి.