మా గ్రూపుకి పెద్దమ్మ అడ్మిన్

మా ఇంటిపేరు వాళ్లందరికీ కలిపి ఫోన్లో ఒక గ్రూపు ఉంది. పొద్దున్నే దేవుడి బొమ్మలు, ఆ తర్వాత పత్తి రేటు, మధ్యాహ్నం దాటితే రాజకీయాలు. ఆ గ్రూపుకి అడ్మిన్ కావడం మా మగవాళ్ల దృష్టిలో చిన్న పదవేమీ కాదు. ఫలానావాణ్ణి చేసి నన్ను చేయలేదేమని అలిగి బయటికి వెళ్లిపోయినవాళ్లున్నారు. వాళ్లను బతిమాలి మళ్లీ లోపలికి తెచ్చి, ఆ పదవేదో కట్టబెట్టి చల్లబరిచేవాళ్లు. నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పుకుంటూ, తీరికున్నప్పుడు ఈ తమాషా చూస్తూ ఉండేదాన్ని.

ఎన్నికలు అయిన మర్నాటి నుంచి పల్నాడంతా నూటనలభైనాలుగో సెక్షను పెట్టారు. నాకు సెలవులు, గురజాల వైపున్న మా ఊళ్లోనే ఉన్నాను. పోలీసుల మైకు ఆటో ఊరంతా తిరిగింది. గ్రూపుల్లో ఎవరేం పెట్టినా అడ్మిన్‌దే బాధ్యత, కేసు అడ్మిన్ మీదే పడుతుందని చెప్పుకుంటూ పోయింది. అది మా బజారు దాటిందో లేదో, మా అడ్మిన్లు ఒక్కొక్కరే దిగిపోవడం మొదలుపెట్టారు. దాని కోసం అలిగి అన్నం మానేసినవాళ్లే అందరికంటే ముందు దిగారు. చివరికి మా పెదనాన్న ఒక్కడే మిగిలాడు. ఆయన అరుగు మీద కూర్చుని కాసేపు ఆలోచించాడు.

"మీ పెద్దమ్మను పెట్టండ్రా. ఆ వయసు ఆడమనిషి జోలికి ఎవుడొస్తాడు?" అన్నాడు.

అందరికీ నచ్చింది. పెద్దమ్మ వంటింట్లో ఉంది. ఆమెకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. నాకు మాత్రం ఒళ్లు మండింది, ఎందుకంటే పెద్దమ్మ ఫోన్లో ఏముందో ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు.

పెద్దమ్మ సొంత చెల్లెల్ని మా ఊళ్లోనే ఇచ్చారు, రెండు బజార్ల అవతల. ఆ ఇల్లు అవతలి పార్టీ. ఒక పంచాయతీ ఎన్నికల్లో ఇద్దరు తోడల్లుళ్లకీ మాటా మాటా పెరిగి కర్రల దాకా వెళ్లింది. అప్పట్నుంచి రాకపోకలు లేవు. పెళ్లిలో ఎదురైనా, చావులో ఎదురైనా అక్కాచెల్లెళ్లు తల పక్కకు తిప్పుకోవాలి. పెద్దమ్మ ఆ కట్టుబాటు అందరి ముందూ తప్పకుండా పాటించేది. కానీ మగవాళ్లు పొలం వెళ్లాక, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, రెండు బజార్ల అవతలికి వాయిస్ మెసేజ్‌లు పంపేది. అక్కణ్ణుంచి జవాబులు వచ్చేవి. ఆమెకు చదువు రాదు కాబట్టి మనుషుల్ని బొమ్మలతో గుర్తుపెట్టుకునేది. చెల్లెలి పేరు ఎవరి కంటా పడకూడదని నేనే 'కూరగాయలు' అని రాసి, వంకాయ బొమ్మ పెట్టాను. వేలిముద్రతో తాళం కూడా పెట్టాను.

"మధ్యలో ఎవురన్నా వింటారా అమ్మాయ్?" అని అడిగింది ఒకసారి.

"మీ ఇద్దరే పెద్దమ్మా. కంపెనీవాడు కూడా వినలేడు" అన్నాను.

విన్న తర్వాత చెరిపేయమని చెబితే ఒప్పుకునేది కాదు. "మళ్లీ వింటానే" అనేది. చెల్లెలి గొంతు వింటూ ఒక్కతే నవ్వుకునేది. పెదనాన్నకు తెలిస్తే ఫోను గోడకేసి కొడతాడు, అవతలింట్లో తెలిస్తే ఏం చేస్తారో చెప్పలేం. ఇన్నేళ్లలో ఆమె తనకోసమని ఉంచుకున్నది అదొక్కటే. నాకు ఆమె మీద జాలి కంటే గౌరవమే ఎక్కువగా ఉండేది.

ఆమె అడ్మిన్ అయిన కొద్దిరోజులకే మా చిన్నాన్న కొడుకు ఎక్కడివో తగలబడుతున్న ఇళ్ల వీడియో ఒకటి తెచ్చి, మాచర్ల దగ్గర అని రాసి గ్రూపులో పడేశాడు. అది మన దేశానిదేనా అని కూడా నాకు అనుమానం. మర్నాడు స్టేషను నుంచి ఫోన్ వచ్చింది, గ్రూపు అడ్మిన్ ఫోను తీసుకుని రావాలని. వీడియో పెట్టిన మహానుభావుడు చిలకలూరిపేట మిల్లులో పనుందని పొద్దున్నే బస్సెక్కాడు. పెదనాన్న, నేను, పెద్దమ్మ ఆటోలో వెళ్లాం. ఆమె ఉతికిన చీర కట్టుకుని, ఆసుపత్రికి వెళ్తున్నట్టు బయల్దేరింది.

ఎస్సై కుర్రవాడు, మర్యాదస్థుడు. కుర్చీ వేయించాడు.

"ఈ గ్రూపు మీదేనామ్మా?"

"మాదే బాబూ. అందరూ మావోళ్లే."

"మీరే అడ్మిన్ అంట కదా."

"అదేంది బాబూ?" అంది పెద్దమ్మ. పెదనాన్న గోడకున్న మ్యాపు చూస్తూ నిలబడ్డాడు.

గ్రూపులో ఇంకేమున్నాయో చూస్తామన్నారు. ఆ గ్రూపు ఒక్కటే చూసుకోండి సార్, మిగతావి వద్దు అని చెప్పడానికి నేను మాటలు కూడదీసుకుంటున్నాను. అలా అడిగే హక్కు నాకుందో లేదో తెలియదు. ఈలోగా కానిస్టేబులు ఫోను ఆమె ముందు పెట్టి, "వేలు పెట్టమ్మా" అన్నాడు. ఆమె వెంటనే బొటనవేలు చీర కొంగుకు తుడుచుకుని పెట్టేసింది.

ఆమెను ఏమనగలం? బియ్యానికి వేలు పెట్టమంటారు, పింఛనుకి వేలు పెట్టమంటారు, యూరియా కట్టకీ వేలే. పడకపోతే తుడుచుకుని మళ్లీ పెట్టమంటారు. ఆ వేలు పడితే చాలు, ఆ నెల గడిచినట్టే. ఎదురుగా సర్కారు మనిషి నిలబడి ఆ మాట అంటే, ఎందుకని అడగాలన్న ఆలోచన మా ఊళ్లో ఎవరికీ రాదు. కంపెనీవాడు కూడా తీయలేని తాళం అలా తెరుచుకుంది.

గ్రూపు కంటే పైన వంకాయ బొమ్మ ఉంది.

"ఈ కూరగాయలెవరు? రోజూ ఇన్ని వాయిస్‌లేంది?" అంటూ కానిస్టేబులు ఒకదాని మీద నొక్కాడు. పేరు దాచాలని నేను పడిన తిప్పలే వాళ్లకు అనుమానం తెప్పించాయి.

స్టేషనంతా పిన్ని గొంతు వినిపించింది. "అక్కా, ఇయ్యాల మాకు నీళ్లు రాలా. మా ఆయన పొద్దున మీ బజారు మీదగా వచ్చి నిన్ను చూశాడంట. చానా చిక్కిపోయిందన్నాడు. తింటన్నావా, లేదా?"

"ఎవరమ్మా?" అన్నాడు ఎస్సై.

"మా చెల్లెలు బాబూ" అంది పెద్దమ్మ. తల వంచుకుని చీర అంచు చూసుకుంటూ ఉండిపోయింది. పెదనాన్న మ్యాపు మీంచి చూపు తిప్పలేదు. ఆ వీడియో గ్రూపులోంచి తీసేయించి, ఇంకోసారి ఇట్లాంటివి రాకూడదని చెప్పి మమ్మల్ని పంపించేశారు. మాదే తప్పన్నట్టు ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఇంటికి వచ్చాక ఏం జరుగుతుందోనని భయపడ్డాను. పెదనాన్న కాళ్లు కడుక్కుని, "మాట్టాడుకుంటే మాట్టాడుకున్నారు. అక్కాచెల్లెళ్లు కదా" అన్నాడు. ఆయన పెద్దమనసుకి మేమందరం మురిసిపోయాం. నేనైతే ఆ స్టేషనుకి దండం పెట్టాలనుకున్నాను. పెద్దమ్మ మాత్రం బియ్యం కడగడానికి వెళ్లింది.

స్టేషనులో మోగిన సంగతి రెండు బజార్లూ దాటి అవతలింటికీ చేరింది. ఆ తర్వాత ఆమె దాక్కోవాల్సిన అవసరం లేకపోయింది. పెదనాన్న ఉండగానే చెల్లెలితో మాట్లాడవచ్చు. ఒకరోజు ఆయన మజ్జిగ తాగుతూ, "వాళ్లింటికి ఎవురెవురు వచ్చిపోతున్నారో కనుక్కో. ఊరికే, మాటల్లో మాటగా" అన్నాడు. ఆమె మజ్జిగ చెంబు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆయన మర్నాడు మళ్లీ అడిగాడు.

సెలవులు అయిపోవచ్చిన రోజుల్లో పిన్ని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. "అక్కా, బాగుండావా? బావ ఊళ్లోనే ఉన్నాడా, ఎక్కడికన్నా పోయాడా?"

పెద్దమ్మ అది ఒక్కసారే విన్నది, మళ్లీ పెట్టుకోలేదు. "అది వాళ్ల బావ సంగతి ఏనాడూ అడగలా. పక్కన ఎవురో కూచుని అడిగిస్తన్నారు" అంది. తర్వాత ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, "బాగుండా. ఇయ్యాల పప్పుచారు చేశా" అని మాత్రం చెప్పి పంపింది.

ఆ తర్వాత అటూ ఇటూ మెసేజ్‌లు తగ్గిపోయి, కొన్నాళ్లకు ఆగిపోయాయి. మళ్లీ ఊరికి వెళ్లినప్పుడు నాకు మనసు ఆగలేదు. ఇంకో యాప్ ఉందని చెప్పాను. అందులో మాట విన్న వెంటనే దానంతటదే చెరిగిపోతుందని, అసలా యాప్ ఫోన్లో ఉన్నట్టే ఎవరికీ కనపడకుండా చేయొచ్చని, పిన్ని ఫోన్లో కూడా ఎలాగోలా పెట్టిస్తానని చెప్పాను. ఆమె కందిపప్పు చెరుగుతూ అంతా ఓపిగ్గా విన్నది.

"అది పెడితే, చెల్లి పక్కన కూచున్నోళ్లు లేచి పోతారా అమ్మాయ్?" అంది.