అల్లుడుగారి కారు వారంటీ

నేను ఇంతకుముందు ఏదీ రాయలేదంటే తీరిక లేక కాదు, అక్షరాలు రాక. చిన్నప్పుడు ఒంగోలు దగ్గర పొగాకు ఆకు వేరుచేసే పనికి వెళ్లేదాన్ని. బడికి తమ్ముళ్లు వెళ్లారు. అరవై దాటాక ఆస్ట్రేలియాలో, టూవూంబా అనే ఊళ్లో ఉన్న అమ్మాయి దగ్గరికి వచ్చాను. మనవరాలిని ఆదివారం తెలుగు బడికి తీసుకెళ్లి, వెనక బల్ల మీద కూర్చుని నేనే నేర్చుకున్నాను. మనవరాలు తెలుగులో అడిగినదానికి ఇంగ్లిషులో జవాబిస్తూ ఇంకా ‘క’ గుణింతం దగ్గరే ఉంది.

మా అల్లుడుగారు డాక్టరు. కడుపునొప్పి అని ఎవరైనా వస్తే రెండు పరీక్షలు చేయించనిదే నమ్మరు. కానీ కారు వారంటీ గురించి వచ్చిన ఉత్తరాన్ని మాత్రం చూడగానే నమ్మేశారు. కవరు మీద ఎర్ర అక్షరాలతో ‘చివరి నోటీసు’ అని ఉంది. లోపల ఆయన పేరు, కారు పేరు, పైన సర్కారు ముద్రలాంటిదేదో. వారంటీ అయిపోతోంది, డబ్బు కట్టి పొడిగించుకోండి అని రాశారు. కారు తయారుచేసినవాళ్లే రాశారని ఆయన అనుకున్నారు. ప్రభుత్వం వాళ్లని మా అమ్మాయి అనుకుంది. అలా అనుకోవాలనే వాళ్లు అలా రాశారు. కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో, ఆ కార్ల కంపెనీతో మాకు ఏ సంబంధమూ లేదని కూడా ఉందట. అల్లుడుగారు డబ్బు కట్టి, కొన్నాళ్లకు గేరుబాక్సు పోయాక ఆ సంగతి బయటపడింది.

ఆయన ఫోన్ చేస్తే వాళ్లు ఎంతో తియ్యగా మాట్లాడారు. గేరుబాక్సుకు వారంటీ ఉందట, కానీ అరుగుదల వల్ల పోతే వర్తించదట. అరగకుండా పోయే గేరుబాక్సు ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు. పైగా వాళ్లు చెప్పిన షెడ్డులోనే కారు సర్వీసు చేయించి ఉండాలట. అది కొండ దిగి బ్రిస్బేన్ దాటాక ఎక్కడో ఉంది. గొడుగు అమ్మి, వానలో తెరిస్తే చెల్లదన్నట్టు. అల్లుడుగారు సొంత డబ్బుతో బాగుచేయించుకుని, ఇక ఆ మాట ఇంట్లో ఎత్తొద్దన్నారు.

తర్వాత ఒక శనివారం అల్లుడుగారి స్నేహితుడు, గుండె డాక్టరుగారింట్లో భోజనాలకు వెళ్లాం. మా పక్క వీధిలో ఒంటరిగా ఉండే నర్సు అమ్మాయి కూడా వచ్చింది. వరంగల్ పిల్ల. పాత కారు ఒకటి ఉంది. నైట్ డ్యూటీకి అదే దిక్కు, ఆ వేళప్పుడు బస్సులుండవు. అలాంటి ఉత్తరమే ఆమెకూ వచ్చింది.

“అన్నా, మీరు తీస్కున్నరు గదా, మంచిగున్నదా? మండే లాస్ట్ డేట్ అంటున్రు. నా సేవింగ్స్ మొత్తం అటే పోతయ్. కానీ కారు ఆగిపోతే జాబ్‌కి ఎట్ల పోవాలె?”

అల్లుడుగారు పప్పు కలుపుకుంటూ, “పీస్ ఆఫ్ మైండ్ ఉంటుందమ్మా,” అన్నారు.

“మేమూ తీసుకున్నాం. వర్త్ ఇట్. ఇప్పటివరకూ నో ఇష్యూస్,” అన్నారు గుండె డాక్టరుగారు.

నేను అల్లుడుగారి వైపు చూశాను. ఆయన అప్పడం వైపు చూశారు. నలుగురిలో అల్లుడి మాటకు అడ్డుచెప్పడం మా వైపు అత్తలు చేసే పని కాదు. నోరు మూసుకుని పెరుగన్నం తిన్నాను.

తిరిగి వస్తుంటే కారులో అడిగాను. “బాబూ, ఆ పిల్లకి నిజం చెప్పొచ్చు కదా?”

“ఎలా చెప్పను అత్తయ్యా? ఎండీ చదివాను, ఒక కాగితం చదవలేకపోయానని చెప్పుకోనా?”

“మరి గుండె డాక్టరుగారికి బాగానే ఉందన్నారే.”

“ఆయన కారులో ఏసీ పోయింది. వాళ్లు ఒక్క డాలరు ఇవ్వలేదు. అసలు నేనడిగితే బాగుందని చెప్పి నాతో కట్టించిందే ఆయన.”

“అప్పటికి ఏసీ బాగానే ఉందా?”

“లేదు. అప్పటికే పోయింది.”

బురదలో జారిపడ్డవాడు బట్టలు దులుపుకుని, దారి బాగుంది రమ్మని వెనకవాళ్లను పిలిచాడన్నమాట. ఆ కంపెనీ ఉత్తరాలకు స్టాంపులు అంటించడం దండగ. మా డాక్టర్ల భోజనాలు చాలు.

“మీరు మధ్యలో దూరకండి అత్తయ్యా. పరువు పోతుంది.”

“ఆ పిల్ల దాచుకున్నది పోతుంది కదా బాబూ.”

ఆయన పాటలు పెట్టారు.

మర్నాడు పొద్దున్నే చలికోటు వేసుకుని వెళ్లి ఆ అమ్మాయి ఇంటి ముందు నిలబడ్డాను. డ్యూటీ ముగించుకుని వచ్చి కారు దిగింది.

“ఏమైంది ఆంటీ, గింత పొద్దుగాల?”

“మా అల్లుడుగారి గేరుబాక్సు పోతే వాళ్లు పైసా ఇవ్వలేదమ్మా. గుండె డాక్టరుగారి ఏసీకీ ఇవ్వలేదు. నువ్వు కట్టకు.”

కారు తలుపు వేసి దానికి ఆనుకుంది. “మరి నిన్న మంచిగుందన్నరు గదా ఆంటీ ఇద్దరు?”

“పెద్ద చదువులమ్మా. మోసపోయామని ఒప్పుకోవడం వాటిలో ఉండదు.”

నవ్వలేదు. “గా పైసలు అట్లనే ఉంచుత. కారు ఖరాబైతే అక్కరకొస్తయ్,” అంది.

ఇంటికి వచ్చి, అల్లుడుగారికి ఇడ్లీలు వడ్డిస్తూ, ఎక్కడికి వెళ్లి ఏం చెప్పి వచ్చానో అంతా చెప్పాను.