పెద్దమ్మ పరిచిన పక్క

మా పెద్దమ్మ ఇరవై ఆరేళ్లు హోటల్ గదులు సర్దింది. ఊళ్లోవాళ్లు పడుకుని లేచిన పక్కలు పరచడమే తప్ప, వాటి మీద ఒక్కసారి నడుం వాల్చిన పాపాన పోలేదు. అందుకే ఆమె పని మానేసిన ఏడాది, పొరుగు నగరంలోని పెద్ద హోటల్లో మా ఇద్దరికీ రెండు రోజులు గది తీసుకున్నాను. "ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టావంటే ఊరుకోను" అని ముందే బెదిరించాను.

నేను అంతటితో నోరు మూసుకుంటే బాగుండేది. మంచి గది ఇస్తారన్న ఆశతో, ఆవిడ రిటైరయిన పెద్ద ఆఫీసరని కింద కౌంటర్లో కోసేశాను. పై అంతస్తులో గది ఇచ్చారు. ఎవరైనా "మేడమ్" అంటే, ఎవర్ని పిలుస్తున్నారా అని పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసేది. సాయంత్రానికి అలవాటు పడింది.

రెండో రోజు మసాజ్ చేయించుకుని గదికి వస్తున్నాం. పెద్దమ్మ ముఖం నిద్రలేచిన చంటిపిల్ల ముఖంలా ఉంది. మా తలుపు బార్లా తీసి ఉంది. లోపల సూపర్‌వైజరు, గదులు సర్దే మనిషిని నిలబెట్టి కడిగేస్తున్నాడు. ఆమెకి నలభై ఏళ్లుంటాయి, బక్కపలచగా ఉంది.

"నిన్నటి దుప్పటి మార్చకుండా పక్క పరిచేస్తావా? తలగడ మీద వెంట్రుక కూడా అలాగే ఉంది!"

"నేనింకా ఈ గదిలోకే రాలేదు సార్, పిల్లల మీద ఒట్టు."

"మరి దెయ్యం వచ్చి పరిచిందా? మూలలు ఏటవాలుగా మడిచి, ఇంత బిగించి పరచడం ఏ గెస్టుకి వచ్చు? పోయిన నెల ఒకసారి ఊరుకున్నాను. రేపట్నుంచి రావద్దు."

పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి ఆ పక్క పరిచి ఉంది. నిద్రమత్తులో చెయ్యి ఊరుకోలేదని పెద్దమ్మ అంటే నవ్వాను కూడా. ఇప్పుడు ఆవిడ మణికట్టు పట్టుకుని, "మనకెందుకు, పద" అని గొణిగాను. నిజం బయటపడితే పోయేది నా పరువు. పెద్దమ్మ చెయ్యి విదిలించుకుని లోపలికి వెళ్లింది.

"అది పరిచింది నేనయ్యా."

సూపర్‌వైజరు మర్యాదగా నవ్వాడు. "జాలిపడి అంటున్నారు మేడమ్. ఇలాంటివాళ్లని వెనకేసుకు రాకండి."

"మేడమూ లేదు, గీడమూ లేదు. నేను ఈ పని చేసే బతికాను."

అతను నా వైపు చూశాడు. ఆఫీసరని కోసిన నోరు నాదే, ఇప్పుడు పెగిలితేగా! సిగ్గుతో చచ్చిపోయాను.

పెద్దమ్మ చేతులకున్న నూనె తుడుచుకుని, ఒక్క గుంజుతో దుప్పటి ఊడదీసి, కొత్తది అందుకుంది. మోకాళ్లు సహకరించడం లేదు. రెండో మూల దగ్గర పట్టు జారింది. సూపర్‌వైజరు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. పెద్దమ్మ పళ్లు బిగించి మళ్లీ లాగింది. నాలుగు మూలలూ ఇందాకటి ఏటవాలులోనే కూర్చున్నాయి.

"నీ పని చూసుకో" అని గదులు సర్దే ఆమెతో అని సూపర్‌వైజరు బయటికి నడిచాడు. క్షమాపణా లేదు, పాడూ లేదు. ఆ మనిషి పెద్దమ్మ చేతులు పట్టుకుని బావురుమంది.

ఆమె వెళ్లాక నాకు ఒళ్లు మండింది. "ఉన్న రెండు రోజులూ సుఖపడమంటే, అందరి ముందూ పని చేసి చూపించాలా?" అన్నాను.

పెద్దమ్మ మంచం అంచున కూర్చుంది. "నన్ను మొదటి హోటల్లో ఎందుకు తీసేశారో తెలుసా?"

"నువ్వే మానేశావుగా?"

"దుప్పటి మీద మరక నేను చేసిందే అన్నారు. చేసిన గెస్టమ్మ గుమ్మంలోనే నిలబడి అన్నీ వింది. నోరు విప్పకుండా వెళ్లిపోయింది. ఆరు నెలలు పని దొరకలేదే నాకు. మావాణ్ణి, అదే మీ అన్నయ్యని, బడి మాన్పించింది అప్పుడే."

అన్నయ్యకి చదువు అబ్బలేదని మా ఇంట్లో అందరం ఇన్నాళ్లూ ఎగతాళి చేస్తూనే ఉన్నాం.