బామ్మ పళ్లసెట్టు, మా పెరటి తూము

దిల్‌సుఖ్‌నగర్ దాటితే కంకర రోడ్డే గతి అయిన ఆ రోజుల్లో, మన్సూరాబాద్ వైపు ప్లాటు కొని ఇల్లు కట్టుకున్న ప్రతివాడూ సగం మేస్త్రీ అయిపోయేవాడు. మా ఇంట్లో ఆ సగం మేస్త్రీని నేను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పొగరూ, స్లాబు వేయగా మిగిలిన సన్న ఇనప చువ్వా, ఇవే నా పనిముట్లు. (నేను బాగుచేశాక ఏ కుళాయీ కారలేదు. అసలు నీళ్లే వచ్చేవి కావు.)

ఇంతలో బామ్మ పళ్లసెట్టు పోయింది. పెరట్లో అంట్లు తోముకునే జాలారి గట్టు మీద గిన్నెలో నీళ్లు పోసి పెట్టుకుందట, తెల్లారేసరికి లేదు. "నేను జంతికలు తినడం మీ అమ్మకి కంటగింపురా. తనే తీసింది," అని తేల్చేసింది. అమ్మ దేవుడి మీద ఒట్టు వేసినా నమ్మలేదు. ఆనాటి నుంచి అత్తాకోడళ్లకి మాటల్లేవు. అమ్మ జావ గ్లాసు గుమ్మంలో పెట్టేది, బామ్మ గోడవైపు తిరిగి తాగేది. జాలారి నీళ్లు పోయే తూము కూడా అప్పటినుంచే మొరాయిస్తోంది. నేను పైపైన పొడిచి గెలిచాననుకునేవాణ్ణి. అన్న మాట వెనక్కి తీసుకోకుండానే, ఆ వానాకాలంలో బామ్మ పోయింది.

పెరట్లో శవానికి స్నానం చేయిస్తుంటే తూము పూర్తిగా పూడిపోయింది. బామ్మ చుట్టూ నీళ్లు నిలిచాయి. పంతులుగారు పంచె ఎగ్గట్టి గట్టెక్కారు, చుట్టాలు చీరలు ఎత్తిపట్టుకుని ఏడుస్తున్నారు. మాకు ప్లాటు అమ్మిన పక్కింటి పటేల్ ఊరుకోలేకపోయాడు.

"తమ్మీ, మోరి జామైంది. జర జల్ది ఏమన్న చెయ్యి. ముసలమ్మని గిట్ల నీళ్లల్ల ఎంతసేపు పండవెడ్తరు?"

చువ్వ కొస వంచి కొక్కెం చేసి లోపలికి దూర్చాను. మోచేతిదాకా మురుగు. ఏడుపూ వస్తోంది, వాంతీ వస్తోంది, ఏది ముందో తెలియలేదు. బలంకొద్దీ లాగితే ఒక జుట్టు ఉండ, దానికి చుట్టుకుని బామ్మ పళ్లసెట్టు బయటికొచ్చాయి. (చీకట్లో బామ్మే చూసుకోకుండా గిన్నె ఒంపేసి ఉంటుంది.) నీళ్లు గుడగుడమంటూ పోయాయి.

అమ్మ వచ్చి ఆ పళ్లు నా చేతిలోంచి తీసుకుంది. సబ్బు పెట్టి శుభ్రంగా కడిగింది. బామ్మ తల దగ్గర కూర్చుని, "చూశారా అత్తయ్యగారూ, నేను తీయలేదు," అంది. పొద్దుట్నుంచి చుక్క రాల్చని మనిషి అప్పుడు భోరుమంది.

"పోనీలే అమ్మా, ఇప్పుడైనా తెలిసిందిగా," అన్నాను.

"ఆవిడకి తెలియలేదు కదరా," అంది.

ఇప్పుడు నాకూ పళ్లసెట్టే. ఇంట్లో ఎక్కడ నీళ్లు నిలిచినా చువ్వ కోసం వెతకను, ముందు నోరు తడుముకుంటాను. పళ్లు ఉన్నాయని రూఢి అయ్యాక మా కోడలి వంక చూసి నిండుగా నవ్వుతాను. మామయ్యగారికి ఏమైందోనని పాపం ఆ పిల్ల కంగారు పడుతుంది.