పత్తర్‌గట్టిలో అమ్మ తప్పిపోయిన ఆదివారం

ఆదివారం పొద్దున నడక ఉందంటే శనివారం సాయంత్రం నుంచే నాకు భయం మొదలవుతుంది. ఇన్నేళ్లయినా అది పోలేదు. వాన పడితే ఎలా? ఎవరైనా విరిగిన మ్యాన్‌హోల్ మూత మీద కాలు వేస్తే ఎలా? ఎవరి గుమ్మం ముందో ఫొటోలు తీస్తుంటే లోపలి ఆడవాళ్లు కోప్పడితే ఎలా? నేను చెప్పే మాటల్లో ఏదో ఒకటి ఎవరికో తగిలి లొల్లి అయితే ఎలా? ఆ పూట అన్నం కూడా సరిగా దిగదు.

నేను పాత కట్టడాల చరిత్ర చదువుకున్న మనిషిని. ఒక కాలేజీలో ఆర్కిటెక్చర్ పిల్లలకు పాఠాలు చెబుతాను. ఆదివారాలు మాత్రం ఎవరొస్తే వాళ్లను వెంటబెట్టుకుని మూసీ మీది నయాపుల్ వంతెన నుంచి చార్మినార్ దాకా నడుస్తూ, దారిలో కనబడే కమానుల గురించి, చెక్క బాల్కనీల గురించి, గోడల మీది సున్నపు పూల గురించి మాట్లాడతాను. మొదట్లో స్నేహితులే వచ్చేవారు. తర్వాత ఎవరో నా మాటలను ఫోన్లో వీడియో తీసి నలుగురికీ పంపారు. ఇప్పుడు సభలకు పిలుస్తున్నారు. బస్సులో గుర్తుపట్టి పలకరిస్తున్నారు. చూసేవాళ్లకు నేను బెదురు లేకుండా మాట్లాడే మనిషిని. చేతిలో నీళ్ల సీసాను ఎంత గట్టిగా పట్టుకుని ఉంటానో వాళ్లకు కనబడదు.

మేము క్రైస్తవులం. నాన్న బస్సు డిపోలో మెకానిక్. అమ్మ సర్కారు దవాఖానలో ఆయాగా చేసి రిటైరయింది. నాన్న పోయాక సైదాబాద్‌లో రెండు గదుల ఇంట్లో అమ్మా నేనూ మిగిలాం. ఆదివారం పొద్దున ఆరాధన మానడం అమ్మ దృష్టిలో చిన్న సంగతి కాదు. నేను బూట్లు వేసుకుంటుంటే ఆమె తెల్లచీర కుచ్చిళ్లు సర్దుకుంటూ అనేది.

“దేవుని దినం నాడే నీకు రాళ్లు యాదికొస్తయా?”

“పొద్దుగాలైతెనే సడక్ ఖాళీగ ఉంటదమ్మా. దుకాణాలు తెరిస్తె నడ్వలేం.”

“సడక్ ఖాళీగుంటది. చర్చిల నా పక్కన జాగ గూడ ఖాళీగుంటది.”

 తలుపు దగ్గరకు వేసి వెళ్లిపోయేదాన్ని.

అలాంటి అమ్మ కిందటి చలికాలంలో ఒక శనివారం చిక్కుడుకాయలు ఒలుస్తూ, తల ఎత్తకుండానే అంది.

“రేపు నేను గూడ వస్త.”

“ఏడికి?”

“నువ్వు పోయే కాడికే. చర్చిల ఒకామె ఫోన్ల నిన్ను చూపెట్టింది. మీ బిడ్డ మస్తు చెప్తదక్కా అన్నది. ఊరందరు ఇంటున్నరు, నేనొక్కదాన్నే ఇనలే. ఆరాధనకు పొద్దుమీకి పోత తియ్యి.”

సంతోషించాల్సిన మాట. నాకు మాత్రం భయమే ముందొచ్చింది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, షుగర్. అంతదూరం నడవగలదా అన్నది పైకి చెప్పుకున్న భయం. లోపలి భయం వేరు. జనం ముందు నేను మాట్లాడే భాష ఇంట్లో మాట్లాడే భాష కాదు. సగం ఇంగ్లిషు, సగం పుస్తకాల తెలుగు, మధ్యలో నాలుగు ఉర్దూ మాటలు, చేతులు తిప్పడం, నవ్వించడం. ఎవరు విన్నా నాకు ఫర్వాలేదు. నన్ను కన్నమనిషి వెనక నిలబడి ఆ గొంతు వింటుందంటే మాత్రం ఒళ్లంతా ముడుచుకుపోయింది.

మర్నాడు నయాపుల్ దగ్గర ఆటో దిగేటప్పుడే అమ్మ ఒక షరతు పెట్టింది. “నేను మీ అమ్మనని ఎవరికి చెప్పకు. గుంపుల గోవిందమ్మ లెక్క వెన్క ఉంట.” తన చేతిసంచి నా భుజానికి తగిలించి, అందరికంటే వెనక నిలబడింది. చర్చికి కట్టుకునే తెల్లచీర, దాని మీద ఊలు స్వెట్టరు.

ఆ రోజు బాగానే వచ్చారు. కాలేజీ పిల్లలు, ఉద్యోగస్తులు, ప్రతి ఆదివారం తప్పకుండా వచ్చే ఒక రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు. మూసీ వంతెన మీద నిలబడి మొదలుపెట్టాను. చెప్పేది వాళ్లకే గానీ చూపంతా వెనక తెల్లచీర మీదే. ఆమె ముఖంలో నాకేమీ అందలేదు. నవ్వాల్సిన చోట అందరూ నవ్వితే ఆమె నవ్వలేదు. మదీనా చౌరస్తా దాటి పత్తర్‌గట్టిలో రాతి కమానుల కింద ఆగినప్పుడు ఆమె ఒక కాలి మీదినుంచి మరో కాలి మీదికి బరువు మార్చుకుంటూ పక్క సందుల్లోకి చూస్తోంది. విసుగొచ్చిందనుకున్నాను. నచ్చలేదనుకున్నాను. ఏళ్ల తరబడి చెప్పిన వాక్యమే మధ్యలో తెగిపోయి, తర్వాతి మాట కోసం వెతుక్కున్నాను.

అక్కణ్ణుంచి ఒక సందులోకి తిరిగితే పచ్చతలుపుల ఇల్లు ఒకటి ఉంటుంది. ఒకప్పుడు ఏదో పెద్ద జాగీర్దారు దేవిడీలో, అంటే భవంతిలో, అది ఒక భాగం. వీధి వైపు చెక్క బాల్కనీ, తలుపు పైన సున్నంతో తీర్చిన పూలతీగ ఇంకా మిగిలి ఉన్నాయి. నా నడకలో అందరికీ ఎక్కువ నచ్చే చోటు అదే. లోపలికి మాత్రం నేనెప్పుడూ వెళ్లలేదు. కొన్నిసార్లు తలుపు తట్టి అడిగాను. పరదా వెనక నుంచి ‘నక్కో’, అంటే వద్దని, ఒక్క మాటే వచ్చేది. అందుకని ఎదుటి గోడకు ఆనుకుని నిలబడి, అలాంటి ఇళ్లు లోపల ఎలా ఉంటాయో చెప్పేదాన్ని. నడుమ వాకిలి, అందులో నీటి ఫౌంటెన్, మూడు వైపులా కమానుల వసారాలు. ఆ రోజూ అదే చెబుతూ వెనక్కి చూశాను.

తెల్లచీర లేదు.

ఎవరి వెనకో ఉందనుకుని పక్కకు జరిగి చూశాను. లేదు. మాట ఆపేశాను.

“ఇంతసేపు వెనక ఒక పెద్దామె ఉండె కదా, చూసిన్రా ఎవరన్నా?”

వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. “సందు మలుపు దగ్గర ఉన్నారు మేడమ్, తర్వాత చూడలేదు” అంది ఒకమ్మాయి.

ఫోన్ చేశాను. రింగు నా భుజం మీదే మోగింది. అమ్మ సంచి తెరిచి చూస్తే ఫోను, కళ్లజోడు, షుగర్ మాత్రలు, బిస్కెట్ల పొట్లం అన్నీ నా దగ్గరే ఉన్నాయి.  పొద్దున మాత్ర వేసుకుని ఒక్క ఇడ్లీ తిని బయల్దేరింది. కళ్లు తిరిగి ఎక్కడైనా పడిపోతే పేరు చెప్పేవాళ్లు కూడా ఉండరు. తనెవరో చెప్పొద్దన్నది తనే, సరేనన్నది నేను.

“ఆమె మా అమ్మ” అన్నాను బ్యాంకు ఆఫీసరుతో. ఆయన వెంటనే, “మీరు పొండి మేడమ్, వీళ్లను నేను చూస్కుంట” అన్నాడు.

పత్తర్‌గట్టి రోడ్డు మీదికి పరుగెత్తాను. దుకాణాల షట్టర్లు ఇంకా దించే ఉన్నాయి. మూలనున్న ఇరానీ హోటల్లో అడిగితే గల్లా దగ్గర కూర్చున్నతను బయటికి తొంగిచూశాడు. “ఎట్లుంటది అమ్మా? చీర ఏం రంగు?”

“తెల్లది.”

“అంచు?”

నీలమా, ఆకుపచ్చా? ఏళ్లుగా ప్రతి ఆదివారం చూసిన చీర. అంచు గుర్తు రాలేదు. ఆ బాల్కనీకి ఉన్న ఒక్కొక్క చెక్కడం కళ్లు మూసుకుని చెప్పగలను. అమ్మ చీర అంచు చెప్పలేకపోయాను. “స్వెట్టర్ ఏసుకున్నది” అన్నాను. అతను కప్పులు కడిగేవాళ్లను కూడా పిలిచి అడిగాడు. ఎవరూ చూడలేదు. రోడ్డు దాటి అటు పక్క సందులు చూశాను. మసీదు మెట్ల మీద కూర్చున్న ముసలాయన్ను అడిగాను. ఒక ఆటో గట్టిగా హారన్ కొడుతూ పక్కనుంచి పోతే, ఎవరికో దెబ్బ తగిలి తీసుకెళ్తున్నారేమోనని దాని వెనక కొంతదూరం పరుగెత్తాను కూడా. లోపల చిన్నపిల్లతో ఎవరో తల్లి కూర్చుని ఉంది.

పోలీసులకు చెప్పాలా అని ఆలోచిస్తూ సందులోకి తిరిగొచ్చేసరికి మా గుంపంతా పచ్చతలుపుల వైపు చూస్తోంది. తలుపు ఒక రెక్క తీసి ఉంది. తలమీద దుపట్టా కప్పుకున్న ఒకావిడ గుమ్మంలో నిలబడి నన్ను చూసి చెయ్యి ఊపింది.

“మీ అమ్మనే గదా? లోపల్నే ఉన్నది. ఫికర్ నక్కో కరో. రాండ్రి.”

చెప్పులు విడిచి లోపలికి ఎలా వెళ్లానో గుర్తు లేదు. అమ్మ ఒక చెక్క తఖత్ బల్ల మీద కాళ్లు చాపుకుని, సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటోంది.

“ఏందమ్మా ఇది? చెప్పి పోవద్దా? పానం పోయింది నాకు!” అని అరిచాను.

“అరువకు. పరాయోళ్ల ఇల్లు” అంది నెమ్మదిగా. “బాత్రూం పోవాలె బిడ్డా. నయాపుల్ కాడినుంచి ఆపుకున్న. షుగర్ మనిషిని, ఎంతసేపని ఆపుకుంట? నువ్వేమో మాట్లాడ్తున్నవ్. అందరు ఇంటున్నరు. నడ్మల చెయ్యి లేపి ఎట్ల చెప్పాలె? ఈమె సందు మలుపుల ఉన్న పక్కతలుపు ముంగట ఊడుస్తుంటె చెవుల చెప్పిన. పట్టుకొని తోల్కపోయింది.”

 అమ్మ పక్కన కూలబడి, సంచిలోంచి బిస్కెట్లు తీసి చేతిలో పెట్టాను. చీర అంచు వంగపండు రంగు.

ఊపిరి అందాక చుట్టూ చూశాను. ఇన్నేళ్లు బయట నిలబడి చెప్పిన ఇల్లు అది కాదు. వాకిలి నడుమ ఇటుక గోడ లేచింది. అన్నదమ్ముల పంపకాలట. కమానులు రెండు మూసేసి వంటగది చేసుకున్నారు, పైన రేకులు. మిగిలిన ఒక్క వసారాలోనే మేం కూర్చున్నాం. అలవాటుగా తల ఎత్తాను. అమ్మ తలమీదున్న టేకు దూలం గోడలో దిగే చోట పుచ్చిపోయి, పొడుగునా చీలి ఉంది. కింద ఒక వెదురు బొంగు ఆనించారు. గోడ మీద నీళ్లు కారిన చారలు.

“అమ్మా, లే. ఇటు కూసో” అన్నాను, చెయ్యి పట్టి లేపుతూ.

ఇంటావిడ నా చూపు పట్టుకుంది. “దూలం చూసిన్రా?”

“దాని కింద ఎవరు పండుకోవద్దమ్మా.”

“మాకు తెల్వదా? బారిష్ వచ్చి నీళ్లు కారితె పిల్లలను ఒళ్లె ఏసుకొని కూసుంట. ఇంకేడికి పోవాలె?” వీధి వైపు పరదా చూపించి అంది, “మీరు ప్రతి ఐతారం వస్తరు. మంది నిలబడి పైకి చెయ్యి చూపెడ్తరు. పరదా సందులకెళ్లి చూస్త. మున్సిపాల్టీకి చెప్తరేమో, ఇల్లు కూలగొట్టమంటరేమో అని నాకు ఆ దినమంత అన్నం సయించది. అందుకె లోపలికి నక్కో అన్న.”

నేను తలుపుకు అటుపక్క, ఆమె ఇటుపక్క. రెండు వైపులా ఆదివారమంటే భయమే. నేను ఎవరికీ చెప్పనని అన్నాను. ఆమె నమ్మినట్టు కనబడలేదు. అమ్మ మధ్యలో కల్పించుకుని, “నా బిడ్డ గసువంటిది కాదు. దానికే మస్తు భయం” అంది. అప్పుడు ఆ ఇంటావిడ మొదటిసారి నవ్వింది.

నడక ఆ పూటకు అక్కడితో ఆపేసి, ఇద్దరం ఇంటికి ఆటో ఎక్కాం. దారిలో నేనే అడిగాను.

“నేను చెప్పింది ఎట్లున్నదమ్మా?”

“ఏమిన్న? సగం సేపు బాత్రూం ఫికరే” అంది. మలక్‌పేట దాటాక మళ్లీ, “గని నీ గొంతు వణుకుతుండె. నలుగురికి తెల్వకపోవచ్చు, నాకు తెలుస్తది. గంత భయపడుకుంట ఎందుకు చేస్తున్నవ్?” అని అడిగింది.

“చెయ్యకుంటె గూడ భయమే అమ్మా” అన్నాను. ఆమె నా చేతిని తన ఒళ్లో పెట్టుకుంది.

ఆ వారంలోనే మా కాలేజీలో పనిచేసే ఒక ఇంజినీరును ఆ ఇంటికి తీసుకెళ్లాను. ఆవిడ ఒప్పుకోవడానికి అమ్మే రెండుసార్లు ఫోన్లో మాట్లాడాల్సి వచ్చింది. ఆయన దూలాన్ని తట్టి చూసి, వెదురు తీయించి ఇనుప స్తంభాలు నిలబెట్టించాడు. ఎండాకాలంలో కొత్త దూలం వేశారు. గోడకు అటువైపు ఉన్న ఆవిడ మరిది మాత్రం తన వైపు ముట్టుకోనివ్వలేదు. అటు భాగం అలాగే ఉంది.

ఇప్పుడు నడకలో ఆ సందులోకి తిరగను. వంతెన మీద మొదటి మాటగా బాత్రూం ఎక్కడుందో చెబుతాను. ఆడవాళ్ల ముఖాల్లో తేటదనం చూస్తే, ఇన్నాళ్లూ ఎంతమంది బిగబట్టుకుని నా కమానుల కథ విన్నారో అనిపిస్తుంది. అమ్మ మళ్లీ నడకకు రాలేదు. కానీ ఆ ఇంటావిడా తనూ ఫోన్లో మోకాళ్ల గురించి, షుగర్ గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటారు.

వానాకాలం మొదలైంది. మబ్బు పట్టిందంటే నాకు పాఠం మీద మనసు నిలవదు. నిన్న సాయంత్రం కాలేజీ నుంచి ఆ ఇంటికి ఫోన్ చేస్తే ఆవిడే ఎత్తింది.

“మా దిక్కు మంచిగనే ఉన్నది. చుక్క గూడ కారలే” అంది. “అవతలి దిక్కే, గోడల ఏందో చప్పుడైతున్నది. మా మరిదికి చెప్తె ఇంటలేడు. మీరొచ్చి ఒక్కసారి చెప్పి చూస్తరా?”

వస్తానన్నాను. గొడుగు తీసుకుని, అమ్మకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పి, పత్తర్‌గట్టి వైపు బస్సెక్కాను.