బ్యాటరీ లేని టిఫిన్ డబ్బాలు

ఎనిమిదేళ్లుగా నేను స్టేజీ ఎక్కినప్పుడల్లా నా కాళ్ల ముందు రెండు స్టీలు టిఫిన్ డబ్బాలుంటాయి. పాట మధ్యలో వాటి మీది బటన్లు తొక్కుతాను. తొక్కినట్టు నటిస్తాను అనాలి. వాటిలో బ్యాటరీలు లేవు. ఈ బరువు ఇన్నేళ్లూ ఒక్కణ్ణే మోశాను, ఇవాళ నీకు చెబుతున్నాను. తిట్టాలనిపిస్తే తిట్టు. జాలి మాత్రం పడకు, నాకు అక్కర్లేదు.

ఖమ్మంలో ఒక ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాను. మధిర నుంచి పినపాక దాకా మేం వెళ్లని పెళ్లి పందిరి లేదు. ఆ డబ్బాలు మా ఉస్తాద్ చేసినవి. రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే షాపు ఆయనది. నాకు గిటార్ పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. పాత రేడియోల్లోంచి తీసిన ట్రాన్సిస్టర్లను చేత్తో అతికించి, ఒక డబ్బాలో తీగను గరగరలాడించే ఎఫెక్టు, ఇంకోదాంట్లో ఎకో కట్టాడు. పూర్తిగా అనలాగ్. ప్రోగ్రాముకు బయల్దేరే ముందు కొత్త బ్యాటరీలు తీసి, ఒక్కోటీ నాలుకకు ఆనించి, సుర్రుమంటేనే నా చేతిలో పెట్టేవాడు. ఇప్పటికీ పెడుతున్నాడు.

డబ్బాలకు ఒకటే జబ్బు, ఎండ. మన ఎండల సంగతి నీకు చెప్పాలా? ఏప్రిల్ దాటితే ఆ పాత ట్రాన్సిస్టర్లు నీరసపడిపోతాయి. గరగర కాస్తా గురకవుతుంది. దానికి ఉస్తాద్ వైద్యం తడిగుడ్డ. డబ్బాలను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన తడిగుడ్డ చుట్టి, స్టేజీ ఎక్కేదాకా విప్పొద్దనేవాడు. వెన్నముద్దను మోసినట్టు మోసుకెళ్లేవాణ్ణి. అయినా పినపాక పెళ్లిలో రెండో పాటకే డబ్బా మొరాయించింది. పెళ్లికూతురి మేనమామ వచ్చి, "ఏంది సార్, గిటార్‌కు జలుబు చేసిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాతే ఉస్తాద్ కొడుకు సలీం తన డిజిటల్ ప్రాసెసర్ నాకిచ్చాడు. ఎఫెక్టులన్నీ ఒకటే పెట్టెలో, నంబరు మార్చుకుంటే చాలు. సలీం కోరిక చిన్నది. షాపులో నాన్న పనిచేసే బల్లలో సగం తనకిస్తే ఇలాంటి డిజిటల్ పని చేసుకుంటానని. ఉస్తాద్ వినలేదు. అందులో ప్రాణం లేదనేవాడు. రోజూ ఇదే గొడవ. చివరికి తండ్రీకొడుకులు పందెం వేసుకున్నారు. నేను ఒక పాట డబ్బాలతో, ఒక పాట ప్రాసెసర్‌తో వాయించాలి, ఏది ముందన్నది నా ఇష్టం. ఉస్తాద్ స్టేజీకి వీపు తిప్పి కూర్చుని వింటాడు. తన డబ్బాను పోల్చుకోలేకపోతే సగం బల్ల సలీందే. పోల్చుకుంటే సలీం ఇక ఆ మాట ఎత్తకూడదు.

పెనుబల్లి దగ్గర మే నెల పెళ్లి. మిట్టమధ్యాహ్నం, భోజనాల వేళ. ఉస్తాద్ చివరి వరసలో కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. పక్కనే తలొంచుకుని సలీం. నేను తడిగుడ్డ విప్పి డబ్బాను మెల్లగా పరీక్షించాను. గొంతు పోయింది. ఆ మాట అక్కడే చెప్పొచ్చు, పందెం ఇంకో రోజుకు వాయిదా వేయొచ్చు. వేయలేదు. ఎందుకంటే అంతకుముందు నెలరోజులు ఇంట్లో కూర్చుని, ప్రాసెసర్‌లో అచ్చం ఆ డబ్బా గొంతును తయారుచేసి ఏడో నంబరులో దాచిపెట్టుకున్నాను. మొదటి పాట ఏడో నంబరుతో వాయించాను. రెండోది ప్రాసెసర్ సొంత గొంతుతో.

పాటలయ్యాక ఉస్తాద్ స్టేజీ దగ్గరికి వచ్చాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"మొదటిది నా డబ్బానే గద బేటా?"

సలీం నా మొహంలోకి చూశాడు.

"అవ్ ఉస్తాద్. మీదే" అన్నాను.

"చూసినవ్‌రా? గింత ఎండల గూడ దాని ప్రాణం పోలే" అని కొడుకు భుజం మీద చరిచాడు ఉస్తాద్.

మర్నాడు ప్రాసెసర్ తిరిగి ఇవ్వబోతే సలీం తీసుకోలేదు. "ఉంచుకో అన్నా. మా షాపుల దీనికి జాగ లేదు" అన్నాడు. ఆ వారమే మధిరలో ఫోన్ల షాపులో పనికి కుదిరాడు. ఇంకా అక్కడే ఉన్నాడు. పండక్కి వస్తాడు, తింటాడు, వెళ్లిపోతాడు. బల్ల వైపు చూడడు. అప్పట్నుంచీ నా పాటలన్నీ ఆ ప్రాసెసర్‌లోంచే, డబ్బాలు ఉత్త చూపుకే.

పెద్దాయన మనసు విరగ్గొట్టలేక అబద్ధమాడానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజమేనా? దయతో చేసేవాడు నెలరోజులు ముందే ఏడో నంబరు తయారుచేసుకుంటాడా? ఆ చెవిని మోసం చేయగలనా లేదా అన్నది చూడాలనిపించింది నాకు, అంతే. చేయగలిగాను. జిల్లాలో అంతటి చెవి ఇంకోటి లేదు. ఆ చెవే డిజిటల్ పెట్టెను విని ప్రాణం ఉందని చెప్పింది. నా జీవితంలో నాకు దక్కిన పెద్ద మెచ్చుకోలు అదే. అది కూడా టిఫిన్ డబ్బా పద్దులోకి పోయింది. అది గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకే అనలాగా, డిజిటలా అని నన్నెవరైనా అడిగితే ఇప్పటికీ డిజిటలే అంటాను. స్టేజీ దిగాక, ఉస్తాద్ వినని చోట. ఆ విషయంలో నాకు సిగ్గు లేదు. వాయించే వేళ్లు నావి, వెతికి పట్టుకున్న గొంతు నాది. ఉస్తాద్ ఇప్పుడు ప్రోగ్రాములకు రాలేడు. మా వీడియోలు ఫోన్లో పెట్టుకుని, షాపుకు వచ్చినవాళ్లందరికీ "ఇదీ డబ్బా గొంతంటే" అని వినిపిస్తాడు. ఆయనకు చెప్పను. చెప్పి ఆయన నిద్ర చెడగొట్టి, నేను హాయిగా పడుకోవాలా? నన్ను క్షమించమని ఎవర్నీ అడగను.

నిన్న కూడా రెండు బ్యాటరీలు నాలుకకు ఆనించి ఇచ్చాడు. చేతులు వణుకుతున్నాయి, అయినా ఆ పని మానడు. ఇంటికొచ్చి ఎప్పటిలాగే సొరుగులో వేశాను. ఎనిమిదేళ్ల బ్యాటరీలు. సొరుగు మూతపడలేదు. అటు సర్ది ఇటు సర్ది, మోకాలితో నెట్టి చూశాను. పడలేదు. దాన్ని అలాగే వదిలేసి ఇది రాయడానికి కూర్చున్నాను.

ఉస్తాద్ సంగతి సరే, సలీం ఏం పాపం చేశాడు? పెనుబల్లిలో రెండు పాటలూ సలీం పెట్టెలోంచే వచ్చాయి. ఆ రోజు గెలిచింది సలీం. సగం బల్ల అతనిది.